నికాహ్ తర్వాత రాసుకునే ఒప్పందం: సంతకం ఉంటే చాలదు, సమ్మతి ఉండాలి

నికాహ్ సమయంలో ఖాజీగారు మహర్ ఎంతో అడిగి రాస్తారు. సాక్షులు సంతకాలు పెడతారు. ఆ తర్వాత సాగే కాపురంలో భార్య నగలు అమ్మి స్థలం కొంటారు. భర్త గల్ఫ్ నుంచి పంపిన డబ్బుతో ఇల్లు కడతారు. వీటికి మాత్రం ఏ రాతా ఉండదు. మనస్పర్థలు వచ్చిన రోజున "నేనిచ్చాను", "నువ్వు ఇష్టంగానే ఇచ్చావు" అనే వాదులాట మొదలవుతుంది.

కొంతకాలం క్రితం ఒక జంట పెద్దలతో కలిసి మా వద్దకు వచ్చింది. భార్య తన పన్నెండు తులాల బంగారం భర్తకిచ్చింది. దానితో కొన్న స్థలం అత్తగారి పేరున ఉంది. రాసివ్వమని ఆమె అడిగితే, "ఇన్నేళ్ళయినా నా మీద నమ్మకం లేదా?" అని భర్త నొచ్చుకున్నాడు. చివరికి పెద్దలు కూర్చుని బాండు పేపరు రాయించారు. అందులో నాలుగు మాటలున్నాయి. ఆమె మహర్ మాఫీ చేసింది. ఇకపై ఎన్నడూ పోషణ ఖర్చు అడగదు. అత్తగారింట్లోనే ఉంటుంది. ప్రతిగా, భర్త మరణానంతరం ఇల్లు ఆమెకే చెందుతుంది. బంగారం ఊసే లేదు! "ఇది షరీఅత్ ప్రకారం చెల్లుతుందా?" అన్నది వారి ప్రశ్న.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. భార్యాభర్తల మధ్య రాత ఉండటం అపనమ్మకం కాదు. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ రుణాన్ని రాసుకోవడం గురించే అవతరించింది (అల్ బఖరా: 282). అందులో బంధువులకు గానీ, దంపతులకు గానీ మినహాయింపు లేదు. పైగా బాకీ ఉన్నవాడే చెప్పి రాయించాలని ఆ ఆయత్ ఆదేశిస్తోంది. బలహీనుని హక్కు చెక్కుచెదరకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. మన జంట విషయంలో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. బంగారం తీసుకున్నవారు తమ బాకీ చెప్పలేదు, ఇచ్చిన ఆమె చేత మరిన్ని హక్కులు వదిలించుకున్నారు.

ఇక ఆ నాలుగు మాటలు చూద్దాం.

మొదటిది మహర్ మాఫీ. నికాహ్ అయిన తర్వాత మహర్ విషయంలో దంపతులు పరస్పర అంగీకారంతో మార్పు చేసుకోవచ్చని అల్లాహ్ అనుమతించాడు (అన్నిసా: 24). భార్య మనస్ఫూర్తిగా వదులుకుంటే భర్త దాన్ని నిస్సంకోచంగా అనుభవించవచ్చు (అన్నిసా: 4). కానీ ఇక్కడ 'మనస్ఫూర్తిగా' అన్నదే అసలు షరతు. ఆరుగురు మగవారు చుట్టూ కూర్చుని, తనవారు ఒక్కరూ పక్కన లేనప్పుడు, "సంతకం పెట్టకపోతే పుట్టింటికి వెళ్ళు" అన్న మాట విన్నాక ఒక స్త్రీ పెట్టే సంతకాన్ని రజామందీ అనగలమా? భార్యను ఇబ్బంది పెట్టి, ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కోవడాన్ని అల్లాహ్ నిషేధించాడు (అన్నిసా: 19).

రెండవది పోషణ. నఫఖా రోజురోజుకూ భర్తపై విధి అవుతూ ఉంటుంది. ఇంకా విధి కాని హక్కును ముందే శాశ్వతంగా వదులుకోవడం హనఫీ ఫిఖ్హ్ ప్రకారం చెల్లదు. మన దేశ న్యాయస్థానాలు కూడా ఇలాంటి కాగితాన్ని చూసి పోషణ హక్కును కొట్టివేయవు. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా సాధారణ చట్టం కింద పోషణ కోరవచ్చని తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు 2024 జూలై 10న తీర్పు చెప్పింది.

మూడవది నివాసం. ఇది రాజీకి వీలున్న విషయమే. భర్త విముఖత చూపుతాడని భార్య భయపడితే ఇద్దరూ సుల్హ్ చేసుకోవడంలో తప్పు లేదని, సుల్హే మేలని ఖుర్ఆన్ చెబుతోంది. మనసులు స్వార్థం వైపు మొగ్గుతాయనీ అక్కడే హెచ్చరిస్తోంది (అన్నిసా: 128). హజ్రత్ సౌదా (రజి) వయసు మళ్ళిన దశలో తన వంతు రోజును హజ్రత్ ఆయిషా (రజి)కు ఇచ్చిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. అయితే ఇలా వదులుకున్న వంతును భార్య ఇకముందుకు తిరిగి కోరవచ్చని ఫుఖహా వివరించారు. కాబట్టి ఈరోజు సర్దుకున్న ఇల్లాలు రేపు ఇబ్బంది చెప్పుకుంటే, "కాగితంలో ఉంది" అంటూ నోరు మూయించరాదు.

నాలుగవది ఇల్లు. "నా తదనంతరం భార్యకే" అన్నది వసీయత్ అవుతుంది. వారసులకు వసీయత్ లేదని దైవప్రవక్త (స) తెలియజేశారు. మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప అది అమలు కాదు. సంతానం ఉంటే భార్యకు వచ్చేది ఎనిమిదో వంతు. నిజంగా ఇవ్వదలచుకుంటే జీవించి ఉండగానే హిబా చేసి స్వాధీనపరచాలి, రిజిస్ట్రేషన్ చేయించాలి. అంటే ఆమె వదులుకున్నవి ఆనాటి నుంచే వదులుకున్నట్టు, ఆమెకు దక్కుతాయన్నవి గాలిలో మాటలు!

హరామ్‌ను హలాల్‌గా, హలాల్‌ను హరామ్‌గా మార్చే షరతు తప్ప, ముస్లిములు తమ షరతులకు కట్టుబడి ఉండాలని హదీసు బోధిస్తోంది. కనుక ఒప్పందం రాసుకునేవారు కొన్ని విషయాలు గమనించాలి. ఇరువైపుల నుంచీ ఒక్కొక్క పెద్ద ఉండాలి. భార్యకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించి, ఆలోచించుకోవడానికి గడువివ్వాలి. ఇచ్చినది నగా, నగదా, కానుకా, అప్పా అన్నది స్పష్టంగా రాయాలి. నగదు అప్పు నగదుగానే తీరుతుంది, తూకం మీద తీసుకున్న బంగారం తూకం ప్రకారమే తీరుతుంది. మహర్ విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఉర్దూలో 'ముఅజ్జల్' అనే మాటను 'ఐన్'తో రాస్తే వెంటనే ఇవ్వవలసినదని, 'హమ్‌జా'తో రాస్తే తర్వాత ఇవ్వవలసినదని అర్థం. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి "వెంటనే", "తర్వాత" అని తెలుగులోనే రాయండి. ఆలిమ్‌కు, వకీలుకు ఇద్దరికీ చూపించండి.

ఆ రోజు మేము భర్తను ఒకటే అడిగాము: "ఇదే కాగితం మీ చెల్లెలి చేత ఆమె అత్తవారు రాయిస్తే మీరు ఒప్పుకుంటారా?" ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం వెనక్కి తీసుకుని, "ముందు బంగారం సంగతి రాయండి, నేనే చెబుతాను" అన్నాడు. అల్లాహ్ ఆదేశించిన పద్ధతి అదే కదా!

సోదరులారా! ఇంట్లో ఇల్లాలి మౌనాన్ని అంగీకారంగా లెక్కవేసుకోకండి. ప్రళయదినాన మన ముందుంచే గ్రంథంలో బాండు పేపర్లతో పాటు వాటి వెనుక ఉన్న బెదిరింపులూ నమోదై ఉంటాయి. పరస్పర హక్కులను సంతోషంగా నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.