కూలి వేరు, ఇనాము వేరు



ఈ దినములలో మన పల్లెలవారు సహితము విమానమెక్కుచున్నారు. బంగారుపాళ్యములో ఉదయము బెంగళూరు బస్సెక్కినవారు ఆ దినముననే దేవనహళ్ళి విమానాశ్రయము చేరగలరు. ఇటు తిరుపతి తట్టు రేణిగుంటలోను విమానములు దిగుచున్నవి. కువైటునకు ఇంటిపనికి పోవు అక్కలు, గల్ఫు దేశములలో బండ్లు తోలు తమ్ములు, అమెరికాలోని బిడ్డలను చూడబోవు ముసలి తలిదండ్రులు మన ప్రాంతములో అనేకులున్నారు. మొదటి ప్రయాణమునకు ముందు వారి మనస్సున మెదలు ప్రశ్నలలో ఇది యొకటి: "విమానములో మనకు నీళ్లు, అన్నము తెచ్చిచ్చే ఆ బిడ్డ చేతిలో ఏమైనా పెట్టాలా? పెట్టకపోతే తప్పనుకుంటారా?"

ప్రశ్న చిన్నది. అయితే దాని లోపల మన యింటిలోను పొలములోను ప్రతిదినము ఎదురగు పెద్ద ప్రశ్న దాగియున్నది. మనకొరకు పాటుపడు మనుష్యునికి మనము బాకీపడినది ఏది? మన యిష్టముచొప్పున ఇచ్చునది ఏది?

ముందుగా అడిగినదానికి సూటిగా జవాబు చెప్పుకొందము. మన దేశపు విమానములలో పరిచారికల చేతిలో నోటు పెట్టు వాడుక లేదు. వారు కంపెనీ యొద్ద జీతమునకు పనిచేయువారు. ఇయ్యనందున ఎవరును మనలను పిసినారులని అనుకొనరు.

వారి పని ఏమిటో తెలిసికొనుట మంచిది. 1930 మే నెలలో అమెరికా దేశమున ఎలెన్ చర్చ్ అను నర్సమ్మ విమాన పరిచారికగా చేరెను. స్త్రీలలో ఆ పనికి ఆమెయే మొదటిది. భయపడు ప్రయాణికులకు నర్సు తోడుగా నున్న ధైర్యము కలుగునని ఆమెను పెట్టుకొనిరి. నేటికిని వారి మొదటి పని భోజనము పెట్టుట కాదు, ప్రాణము కాపాడుట. పొగ లేచినను, మంట లేచినను, తలుపులు తెరచి మనలను దింపవలసినవారు వారే. 1986 సెప్టెంబరు 5న కరాచీలో దుండగులు పాన్ ఆమ్ విమానమును పట్టుకొన్నప్పుడు, నీరజా భానోత్ అను 22 ఏండ్ల మన దేశపు యువతి ఆ విమానములో పరిచారికల పెద్దగా నుండెను. కాల్పులు మొదలుకాగా ఆమె తలుపు తెరచి ప్రయాణికులను బయటికి పంపి, పిల్లలను కాపాడబోయి ప్రాణము విడిచెను. మన ప్రభుత్వము ఆమెకు అశోక చక్రము ఇచ్చి గౌరవించెను. అటువంటి పనిచేయువారిని చిటిక వేసి పిలుచువాడు ఎంత పెద్ద నోటు తీసినను మర్యాదస్థుడు కాడు. నమస్కారమునకు నమస్కారము చెప్పుట, కూర్చుండుమన్నప్పుడు కూర్చుండుట, మనము తిన్న చోటు శుభ్రముగా విడుచుట, మంచి సేవ చేసినవారి పేరు వ్రాసి కంపెనీవారికి ఒక ఉత్తరము పంపుట, ఇవి వారికి మనము చేయదగినవి.

ఇక వారి జీతము సంగతి. అమెరికా, కెనడా దేశములలోని అనేక విమాన కంపెనీలలో పరిచారికలకు గంటల లెక్కన జీతము కట్టుదురు. ఆ గంటలు విమానము తలుపు మూసి కదలినది మొదలుకొని లెక్కకు వచ్చును. అంతకుముందు తలుపు దగ్గర నిలువబడి మనలను పలకరించుట, ముసలివారి పెట్టె పైకెత్తుట, చంటిబిడ్డ తల్లికి చోటు చూపుట, విమానము ఆలస్యమైనప్పుడు కోపగించువారి మాటలు సహించుట, వీటికి చాలకాలము లెక్క లేకుండెను. అమెరికాలోని డెల్టా కంపెనీ 2022లో ప్రయాణికులు ఎక్కు సమయమునకు సగము జీతము ఇయ్యనారంభించెను. 2025 ఆగస్టు 16న ఎయిర్ కెనడా కంపెనీలో సుమారు 10,000 మంది పరిచారికలు సమ్మె చేసిరి. నేలమీద చేయు పనికి కూలి లేదనునది వారి ముఖ్యమైన ఫిర్యాదులలో ఒకటి. మూడు దినములు దాటిన తరువాత ఒప్పందము కుదిరి సమ్మె ముగిసెను.

ఈ సంగతి మనకు దూరమైనదని తోచవచ్చును. మామిడి కాలములో తోపునకు కాయకోతకు వచ్చువానిని తలచుకొనుడి. ఉదయము ఆరు గంటలకే రమ్మని చెప్పి, బండి వచ్చువరకు చెట్టుక్రింద కూర్చుండబెట్టి, మొదటి కాయ తెంపిన గంటనుండి కూలి కట్టినయెడల అతడు ఊరకుండునా? "నేను వచ్చింది నీ పనికే కదా అన్నా" అనును. కెనడాలో ఆ పరిచారికలు అడిగినదియు ఇదే.

ఇది క్రొత్త అన్యాయము కాదు. నూరేండ్ల క్రిందట అమెరికాలో పుల్మన్ అను కంపెనీ రాత్రి రైళ్ళలో పడక పెట్టెలు నడిపెను. వాటిలో సేవచేయుటకు నల్లజాతివారిని పెట్టుకొనెను. మొదటి తరములో వారిలో అనేకులు దాస్యము నుండి విడుదలైనవారు. కంపెనీ కొద్దిపాటి జీతమిచ్చి, మిగిలినది ప్రయాణికుల ఇనాములతో పూర్తిచేసికొనుమనెను. బండి కదలకమునుపు పడకలు సర్దిన గంటలకు కూలి లేదు. ప్రయాణికులు వారి స్వంత పేరు అడుగక, కంపెనీ యజమాని పేరుతో ప్రతివానిని "జార్జ్" అని పిలుచుచుండిరి. ఇనాము మీద బ్రదుకువాడు ఆ పిలుపునకును నవ్వుతూ పలుకవలసివచ్చెను. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ అను ఆయన నాయకత్వమున వారు సంఘము కట్టుకొనిరి. పండ్రెండేండ్లు పోరాడి 1937లో కంపెనీతో ఒప్పందము చేసికొనిరి. నెలకు 400 గంటలున్న పని 240 గంటలకు తగ్గెను, జీతము పెరిగెను. ఇనాముతో ఇల్లు గడుచుచుండగా వారు అంత కష్టము ఎందుకు పడిరి? ఇనాము పుచ్చుకొనువాడు తల వంచవలెను, కూలి పుచ్చుకొనువాడు తల యెత్తుకొని ఇంటికి పోవచ్చును. వారికి కావలసినది ఈ రెండవది.

వాక్యము ఈ భేదమును స్పష్టముగా చూపుచున్నది. కూలివాని కూలి తెల్లవారువరకు నీ యొద్ద ఉండకూడదని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. అతడు బీదవాడు గనుక సూర్యుడు అస్తమింపకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చెప్పుచున్నది. అక్కడ దయతో ఇమ్మని లేదు, ఆలస్యము చేసినయెడల అది పాపమగునని యున్నది. యాకోబు తన పత్రికలో, బిగబట్టిన కూలియే దేవునికి మొఱ్ఱపెట్టుచున్నదని వ్రాసెను. కూలివాడు నోరు మూసికొన్నను అతనికి రావలసిన డబ్బు నోరు తెరచుచున్నది.

మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట ఉపమానము మనకందరికి తెలిసినదే. సాయంకాలము వచ్చినవారికిని యజమానుడు పూర్తి దేనారము ఇచ్చెను. అది అతని ఔదార్యము. అయితే ఉదయము వచ్చినవారి కూలిలో నుండి ఒక కాసైనను తీసి ఆ ఔదార్యము చూపలేదు. ఒప్పుకొన్నది ఒప్పుకొన్నట్లు చెల్లించెను. తన సొమ్ముతో మంచివాడుగా నుండుటకు తనకు అధికారము కలదని అతడు చెప్పగలిగినది అందుచేతనే. బాకీ తీర్చనివాడు ఇచ్చు దానము అతని స్వంత సొమ్ము కాదు, ఎదుటివాని సొమ్మే.

రూతు గ్రంథములో బోయజు చేసినది మరియొక పాఠము. పరిగె యేరుకొను ఆ విధవరాలికి సహాయము చేయగోరి, పిలిచి చేతిలో పెట్టలేదు. పనలలో నుండి కొన్ని కావలెనని పడవేయుడని కోతవారికి చెప్పెను. ఆమె దానిని తన చేతులతో యేరుకొని సాయంకాలము అత్త యొద్దకు తీసికొని పోయెను. ఆమె సిగ్గుపడకుండ ఆయన ఇచ్చెను.

మరి అమెరికా పోయిన మన పెద్దలు అక్కడి హోటలులో ఏమి చేయవలెను? బిల్లుపైన ఐదవ వంతు వరకు ఇచ్చుట చూచి, "ఇది దండుగ కాదా నాయనా" అని బిడ్డలను అడుగుదురు. అక్కడి సంగతి వేరు. ఇనాము వచ్చు పనివారికి యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇచ్చిన చాలునని ఆ దేశపు కేంద్ర చట్టము అనుమతించుచున్నది. 1991 నుండి ఆ అంకె మారలేదు. కొన్ని రాష్ట్రములు ఎక్కువ ఇమ్మనుచున్నవి గాని, అన్నియు కాదు. కాబట్టి అక్కడ బల్లమీద విడుచు సొమ్ము పేరునకు ఇనాము, నిజమునకు కూలిలో భాగము. ఫ్రాంటియర్ అను విమాన కంపెనీ ప్రయాణికులు తినుబండారములు కొనునప్పుడు పరిచారికలకు ఇనాము ఇచ్చు వీలు కల్పించినది. ఇట్టి యేర్పాటు న్యాయమా అని మనము ప్రశ్నింపవచ్చును, ప్రశ్నింపవలెను కూడ. అయితే యేర్పాటు మంచిది కాదని చెప్పి మన యెదుట నిలిచిన పనివాని కడుపు మాడ్చుట ధర్మము కాదు. ఆ యేర్పాటు అతడు చేసినది కాదు.

ఇక్కడ మన వాడుకలోని మూడు మాటలను వేరుచేసి చూడవలెను. చేసిన పనికి ఇయ్యవలసినది కూలి. కూలి ముట్టిన తరువాత సంతోషముతో ఇచ్చునది ఇనాము. జీతము తీసికొనుచు చేయవలసిన పనినే చేయుటకు ముందుగా గుంజునది మామూలు. మూడవది ఇచ్చుటయు తప్పే, పుచ్చుకొనుటయు తప్పే. యొర్దాను తీరమున సైనికులు ఏమి చేయవలెనని అడుగగా, వారి జీతముతో తృప్తిపడుమని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పిన బుద్ధి దీనిని గూర్చినదే.

ఇప్పుడు మన యింటి సంగతికి వత్తము. విమానములో ఎంత ఇయ్యవలెనని కలత చెందు మనము, మన పెరటిలో పనిచేయు అమ్మకు నెల కాగానే జీతమిచ్చుచున్నామా? "కూలి కొంచెము తక్కువైతేనేమి, పండుగకు చీర పెడుతున్నాను, మిగిలిన కూర ఇస్తున్నాను" అనువారు మనలో లేరా? చీర పెట్టుట మంచిదే. అయితే కూలిలో తగ్గించిన సొమ్ముతో కొన్న చీర ఆమె సొమ్ముతో కొన్నదే. దానికి ఆమె మనకు దండము పెట్టవలెనని కోరుట మరియు అన్యాయము. గుడి ఊడ్చి, గంట కొట్టి, దీపములు చూచుకొను మనిషికి "దేవుని పనే కదా" అని చెప్పి క్రిస్మసునకు మాత్రము ఒక కానుక ఇచ్చు సంఘము కూడ ఈ ప్రశ్న తన్ను తానే అడుగుకొనవలెను.

మన రైతులకు ఈ భేదము ఇతరులకంటె బాగుగా తెలియును. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయినప్పుడు, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇయ్యవలెననియు, ప్రభుత్వము 4 రూపాయలు సహాయముగా కలుపుననియు నిర్ణయించిరి. ఆ 4 రూపాయలు ఆపదలో ఆదుకొన్నవని ఒప్పుకొనుచునే, "మా కాయకు సరియైన ధర ఇస్తే మాకు సహాయముతో పనేమి?" అని అనుకొనని రైతు ఉండునా? ధర తన హక్కు, సహాయము ఇతరుల దయ అని అతనికి తెలియును. ఆ మాట మనస్సున ఉంచుకొన్న రైతు, తన తోపులో చిక్కము పట్టి కాయ దింపినవాడును, యార్డులో మోయు హమాలీయును అదే మాట అనుకొందురని మరువరాదు.

దేశపు చట్టము కూడ ఈ విషయమున వాక్యమునకు దూరము కాదు. 2019లో పార్లమెంటు చేసిన వేతనముల చట్టము 2025 నవంబరు 21న అమలునకు వచ్చినది. దినకూలివానికి ఆ దినపు పని ముగియగానే కూలి ఇయ్యవలెనని, నెల జీతగానికి మరు నెల ఏడవ దినము దాటకముందే ఇయ్యవలెనని అది చెప్పుచున్నది. సూర్యుడు అస్తమింపకముందే అని మోషే చెప్పిన మాటకు ఇది ఎంత దగ్గర!

కాబట్టి ఇనాము మానుమని నేను చెప్పుటలేదు. బస్సు పైకి మూట ఎక్కించిన ముసలాయనకు టీ ఖర్చులకు ఇచ్చుట మంచి మనస్సునకు గురుతు. అయితే వరుస తప్పకూడదు. మొదట ఒప్పుకొన్న కూలి పూర్తిగా, చెప్పిన వేళకు, బ్రతిమాలించుకొనక ఇయ్యవలెను. కాచుకొనియున్న గంటలను కూడ లెక్కలో చేర్చవలెను. అటు తరువాత మనసైనంత ఇయ్యవచ్చును, పదిమంది చూడకుండ, కృతజ్ఞత కోరకుండ, బోయజు ఇచ్చినట్లు. ఇచ్చుటకు మన యొద్ద లేనప్పుడు ఆ మనిషిని పేరుపెట్టి పిలిచి, మంచి మాట చెప్పుటకు ఖర్చేమియు లేదు.

ఈ నెలలో మన యింట, మన పొలమున, మన సంఘమున ఎవరి కూలియైనను నిలిచియున్నదేమో ప్రతివారును లెక్క చూచుకొనవలెను. ఉన్నయెడల నేటి సాయంకాలమే దానిని పంపివేయుట మేలు.