తీరమున నిల్లు

ధైర్యము సద్గుణమే. కాని మఱియొకని ప్రాణమును పణముగా నొడ్డుట ధైర్యమనిపించుకొనునా? సముద్రతీరమున నిల్లు కొనఁదలఁచు గృహస్థు మొదట విచారింపవలసిన ప్రశ్న యిదియే.

హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 2,000 అడుగుల యెత్తున నున్నది. ఇచటివారికిని, పెనుకొండ ధర్మవరముల వారికిని సునామీ యనునది పత్రికలలోని మాటయే. అయినను మన బిడ్డలు ఉద్యోగములకై విశాఖపట్టణమువంటి రేవుపట్టణములకు పోవుచున్నారు. అలలు కనఁబడు నిల్లు దొరకినదని పెద్దల యభిప్రాయ మడుగుచున్నారు. కావున నిది మనకును సంబంధించిన విషయమే.

2004 డిసెంబరు 26వ తేదీ యుదయమున సుమత్రాదీవి చెంత సముద్రగర్భము కంపించెను. ఆ యలలు మన తీరమును జేరుటకు రెండు గంటలకు పైగాఁ బట్టెను. వ్యవధి యుండెను, హెచ్చరించు వ్యవస్థ లేకపోయెను. ఆంధ్రతీరమున 100 మందికి పైగా మృతులైరి. హైదరాబాదునందలి సునామీ హెచ్చరిక కేంద్రము 2007లో నేర్పడినది. అంతకుముందే 1864లో బందరును, 1977లో దివిసీమను తుఫాను ఉప్పెనలు ముంచి వేలకొలఁది జనులను బలిగొన్నవి. కారణము వేఱైనను పల్లపుటిండ్లకు ఫలమొక్కటియే.

"విధి నెవఁడు తప్పింపఁగలఁడు?" అందురు కొందఱు. విచారించిన పిదప మిగిలినది విధి. విచారింపకమున్నే విధి యనుట సోమరితనము. "జాలరులు తరతరములుగా నచటనే లేరా?" అందురు మఱికొందఱు. వారికి సముద్రము జీవనాధారము. పడవయు వలయు నున్నచోటనే వారుండవలెను. మనకది వేడుక. అవసరముచే నపాయమును భరించుటయు, వేడుకకై దానిని గోరుటయు నొక్కటి గాదు.

మఱియు నిల్లు కొనువాఁడు తన ముసలితల్లిని, పసిబిడ్డలను, క్రింది యంతస్తున నిద్రించు కావలివానిని అడిగి కొనుచున్నాఁడా? వారి పక్షమునఁ దానే సమ్మతించుచున్నాఁడు. కావున నా నేల యెంత యెత్తుననున్నదో, మెరకకుఁ బోవు త్రోవ యేదో, ఆ త్రోవను తన తల్లి నడువఁగలదో లేదో తెలిసికొనుట యాతని ధర్మము. తీరమును విడువుఁడని నేననను, తెలిసికొనక చేరవలదందును.

మెరకవాసులమని మనము గర్వింపఁబనిలేదు. 2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పుడు, చెన్నేకొత్తపల్లి ప్రాంతమునఁ బ్రవాహమధ్యమునఁ జిక్కినవారిని హెలికాప్టరు వచ్చి కాపాడవలసివచ్చెను. ఎండిన వంకలో నిల్లు గట్టువాఁడును తీరవాసివలెనే విచారింపవలసినవాఁడు. స్థలము కొనునప్పుడు ధర యడుగుదుము. నీరెన్నఁడైన నెంతవఱకు వచ్చెనో యచటి వృద్ధులనుగూడ నడుగుదము.