బీడీ దారానికి ఐదు ముళ్లు

పెగడపల్లిలో బీడీలు చుట్టే ఒక తల్లికి మూడేళ్ల కొడుకు. తండ్రి దుబాయిలో. ఇంట్లో పెద్దదిక్కు బాపమ్మ.

జ్వరం వచ్చిన రెండోనాడు పిల్లవాడి ఒంటినిండా ఎర్రటి దద్దులు లేచాయి. బాపమ్మ గడపకు వేపమండలు కట్టింది. "పోచమ్మ తల్లి పోసింది బిడ్డా. తొమ్మిదొద్దులు ఓపిక పట్టు, తల్లే సల్లవడుతది. దవాఖాన వద్దు" అంది. కోడలు ఎదురు చెప్పలేదు. జ్వరం దిగని ప్రతి పొద్దుకూ బీడీ దారానికి ఒక ముడి వేస్తూ వచ్చింది.

మూడో ముడికి కళ్లు ఎర్రబడ్డాయి, పుసి మాత్రం లేదు. మందుల షాపులో చుక్కలమందు ఇచ్చారు. నాలుగో ముడికి దద్దులు మాయమయ్యాయి. "చూసినవా, తల్లి దిగింది" అని బాపమ్మ కొబ్బరికాయ తీసింది.

"దద్దులు పోయినయ్ అత్తా, జరమెందుకు పోలె?"

ఆ సాయంత్రమే పెదవులు పగిలి నెత్తురొచ్చింది. నాలుక ఎర్రగా, గరుకుగా తేలింది. ఐదో ముడికి చేతులు, పాదాలు వాచాయి. బాపమ్మ తానే చెప్పులేసుకుంది. "పా బిడ్డా, నేను గూడ వస్త."

జగిత్యాలలో పిల్లల డాక్టరమ్మ చూసేసరికి దద్దులు లేవు, కళ్లు తేటపడ్డాయి. తల్లి దారం తీసి, ఒక్కో ముడీ పట్టుకుని ఏనాడు ఏం కనిపించిందో చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్న చీటీ ఆపింది. గుండె స్కానింగ్ చేయించి, ఆ రాత్రే హైదరాబాద్ పంపింది. పిల్లవాడి గుండె దక్కింది.

నీతి: ఈ జబ్బు ఆనవాళ్లన్నీ ఒకేనాడు కనబడవు. ఒకటి వచ్చేసరికి ఇంకొకటి పోతుంది. డాక్టరు చూసేది ఆ ఒక్క పూటనే, గడిచిన రోజులకు సాక్షులు ఇంట్లోవాళ్లే. దీని పేరు కవాసాకి జబ్బు. జపాన్ పిల్లల డాక్టరు తొమిసాకు కవాసాకి 1961లో ఇలాంటి బిడ్డను మొదటిసారి చూశారు. ఒక్కరితో తేల్చేయకుండా ఏళ్లతరబడి గమనించి, 50 మంది పిల్లల లక్షణాలను 1967లో ప్రచురించారు.

ఎక్కువగా ఐదేళ్లలోపు వారికే వస్తుంది. రక్తనాళాలు వాస్తాయి. వైద్యం అందకపోతే దాదాపు నలుగురిలో ఒకరికి గుండెకు నెత్తురందించే నాళాలు ఉబ్బుతాయి. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ నరంలోకి ఎక్కిస్తే ఆ ముప్పు నూటికి దాదాపు ఐదుగురికి తగ్గుతుంది. బాపమ్మ చెప్పిన తొమ్మిదొద్దులూ ఆగి ఉంటే ఆ గడువు దాదాపు ముగిసిపోయేది. వేపమండలతో ఏ నష్టమూ లేదు, అవి గడపకు ఉండగానే బిడ్డను దవాఖానకు తీసుకుపోవచ్చు.

ఎడమ భుజం మీది బీసీజీ టీకా మచ్చ ఎర్రబడినా డాక్టరుకు చెప్పండి. ఏడాదిలోపు పసివాళ్లలో ఆనవాళ్లు అరకొరగానే ఉంటాయి, వాళ్ల జ్వరాన్ని ఇంకా జాగ్రత్తగా లెక్కపెట్టాలి. 2020 నుంచి, కోవిడ్ సోకిన రెండు నుంచి ఆరు వారాలకు ఇలాగే జ్వరం, దద్దులతో పడిపోయిన పిల్లలూ కనిపించారు. వాళ్లకు కడుపునొప్పి, వాంతులు కూడా ఉండేవి. బిడ్డ మగతగా పడి ఉన్నా, ఆయాసపడుతున్నా, నొక్కినా పోని ఊదారంగు మచ్చలు తేలినా ఐదో ముడి దాకా ఆగొద్దు, ఆ గంటలోనే బయల్దేరండి.