తంగేడును గుర్తుపట్టడం

పువ్వును గుర్తుపట్టడం అంటే ఏమిటి? పేరు చెప్పగలిగితే సరిపోతుందా?

వానాకాలం వెళ్తుండగా మా బడి వెనక గుట్టంతా తంగేడు పూస్తుంది. పిల్లలు నా సెల్‌ఫోన్‌తో ఫొటో తీస్తారు. ఫోను క్షణంలో చెప్తుంది: సెన్నా ఆరిక్యులేటా. 1753లో లిన్నేయస్ దీన్ని కాసియా ఆరిక్యులేటా అన్నాడు. ఆరిక్యులేటా అంటే చెవులున్నది. ఆకుకాడ మొదట్లో చెవుల్లాంటి చిన్న రెక్కలుంటాయి. పువ్వొక్కటే తీస్తే అవి కనపడవు, వాటినీ తియ్యండిరా అంటాను.

మా తాతకు మాత్రం ఈ చెట్టు చెక్కతో తెలుసు. "పూత జూసి మురుస్తె తోలు ఊనదు బిడ్డా, చెక్క ముదిరిందా లేదా సూడాలె" అనేవాడు. చెక్క అంటే బెరడు. ఒలిచి, ఎండబెట్టి, దంచి లందలో వేసేవాళ్లు. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసిన తోలు ఆ చెక్క నీళ్లలో ఊరితేనే చెప్పుకూ, మోట బొక్కెనకూ పనికొచ్చేది. ఆ బొక్కెన తోడిన నీళ్లతో ఊరి పొలాలు పండాయి. తోలు ఊనిన చేతికి మాత్రం ఊరబావి ముట్టే హక్కు లేకపోయింది.

2014లో తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. సంతోషమే. తంగేడు అనగానే అందరికీ బతుకమ్మ గుర్తొస్తుంది. లంద ఎంతమందికి గుర్తొస్తుంది? ఇంగ్లీషులో దీన్ని 'టానర్స్ కాసియా' అంటారు. తోళ్లు ఊనేవాడి కాసియా అని. పరాయి భాష మా పనిని పేరులోనే దాచింది. మన భాష పండుగను ఉంచుకుని పనిని వాడ అవతల వదిలేసింది.

"అందాన్ని అందంగా చూడరాదా సార్, పువ్వులో కూడా కులమేనా?" అంటాడు ఒక మిత్రుడు. మా నాయనమ్మా కొప్పులో తంగేడు పెట్టుకుంది. అందం మాకు కొత్త కాదు. చెక్క ఒలిచిందెవరు అని అడిగితే కులం దానంతటదే బయటికొస్తుంది. ఆ ప్రశ్న అడగకుండా ఉండటానికేనా అందం?

లంద మళ్లీ రావాలని నేననను. సున్నం తిన్న చేతుల్ని పొగిడితే పుండు మానదు. ఆ పని పోవాల్సిందే. దానితో అవమానమూ పోవాలి. కానీ ఏ చెట్టు చెక్క తోలును నిలబెడుతుందో కనిపెట్టిన తెలివి ఎవరిదో, ఆ లెక్క ఎందుకు పోవాలి?

అందుకే మా బడి నోటుబుక్కులో ప్రతి ఫొటో కింద నాలుగు గళ్లు గీయించాను: శాస్త్రీయ నామం, ఊళ్లో పేరు, దేనికి వాడారు, ఎవరు చెప్పారు. మొదటి గడి ఫోను నింపుతుంది. చివరి గడి దగ్గర మా వాడ పిల్లలు ఆగిపోతారు. "తాత పని రాస్తె నవ్వుతరు సార్" అన్నాడొకడు.

నవ్వనీ, రాయి అన్నాను. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం తంగేడును గుర్తుపట్టామని ఎవరన్నా నేను ఒప్పుకోను.