పొరుగింటి కుక్క – శరణుని దయ

ప్రాతఃకాలమున స్నానముచేసి, విభూతి ధరించి, ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని పూజించునప్పుడు మనస్సు సహజముగనే శాంతముగ నుండును. ఆ శాంతి పూజామందిరమునుండి వీధివాకిలి వఱకు వచ్చునా, రాదా యన్నదే పరీక్ష. పొరుగువాని కుక్క మొఱగుచు మీదికి దూకినప్పుడు ఆ పరీక్ష యెదురగును.

కుక్కనుగూర్చి ధర్మప్రసంగమేమి యని కొందఱు నవ్వవచ్చును. కాని యీ విషయముననే అన్నదమ్ములవలె మెలగిన రెండిండ్లవారు మాటలు మానుకొనుచున్నారు. బడికి పోవు పిల్లలు గాయపడుచున్నారు. నోరులేని జంతువులు విషపుముద్దలు తిని ప్రాణములు విడుచుచున్నవి. ఇన్ని ప్రాణములతో ముడిపడిన విషయము చిన్నది కాజాలదు.

ఒక వీధిని మనస్సున ఊహింతము. అందు ప్రక్కప్రక్కన రెండిండ్లు. ఒక యింటివారు దొంగలభయమున నొక కుక్కను తెచ్చి పెంచిరి. పగలెల్ల దానిని పొట్టిగొలుసుతో స్తంభమునకు కట్టుదురు. రాత్రి విడిచెదరు. తెల్లవాఱినను గేటు మూయరు. అది వీధిలో నిలిచి వచ్చువారిపై పోవుపోవువారిపై దుముకును. పాలవాడు ఆ వీధికి రాననెను. ఎదురింటి అవ్వ సోమవారమునాడు శివాలయమునకు పోవుట మానుకొనెను. భిక్షకు వచ్చు జంగమయ్య వీధిమలుపునుండియే మరలిపోవుచుండెను. తుదకొకనాడు ప్రక్కయింటి బాలుని పిక్కను ఆ కుక్క పట్టుకొనెను.

బాలుని తండ్రి వెంటనే పొరుగింటికి పోయి కేకలు వేసెను. “మా కుక్క ఊరక ఎవ్వరిని కఱవదు. మీవాడే రాయి విసరియుండును” అని పొరుగువాడు బదులిచ్చెను. ఇద్దఱి తాతలనాటి సంగతులు సైతము ఆ వాకిటనే బయటపడెను. ఆ రాత్రి తండ్రి అన్నపుముద్దలో ఎలుకలమందు కలిపి గోడప్రక్క నిలుచుండెను. అది చూచి ఇంటి ముసలితల్లి యిట్లనెను: “నాయనా! ఆ చేతితోనే కదా రేపు ఉదయము లింగయ్యను పట్టుకొందువు?”

ఆ యొక్క మాటతో ముద్ద చేతినుండి జాఱి కాలువలో పడెను. శరణధర్మమంతయు ఆ తల్లి మాటలో నున్నది.

బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బిజ్జలుని భాండారమును నిర్వహించుచు, రాజకార్యములనడుమ నుండియే ధర్మబోధ చేసెను. దయలేని ధర్మము ధర్మమే కాదనియు, ఆ దయ మనుష్యులతో నాగక సకలప్రాణులకును చెందవలయుననియు ఆయన బోధ. కోపమునుగూర్చి ఆ మహానుభావుడు చెప్పిన హితము ఈ సందర్భమున మఱింత తలపదగినది. ఒకనియందు పుట్టిన కోపము ఎదుటివానికంటె ముందుగ తననే దహించునని ఆయన హెచ్చరించెను. పొరుగువానిపై పగబట్టినవాడు పొరుగుగోడవైపు చూచుచు తన యింటిలోని శాంతిని పోగొట్టుకొనుట మనమెఱుగనిది కాదు.

కుక్కయన్న నీచభావము మన సంప్రదాయమున లేదు. హావినహాళ కల్లయ్య యను శివభక్తుడు, కులగర్వముతో తన్ను తూలనాడినవారి యెదుట, శునకముచే వేదము పలికించెనను కథ వీరశైవ వాఙ్మయమున ప్రసిద్ధము. కాలభైరవుని వాహనము శునకమే. ఏ ప్రాణియందైనను శివచైతన్యమును చూడవలయునన్నదే యీ కథల భావము.

అయినను దయయనగా సహించి యూరకుండుట యని కొందఱు తలతురు. ఇది పొరపాటు. కఱచు కుక్క వీధిలో తిరుగుచుండగా “శివేచ్ఛ” యని నోరు మూసుకొనువాడు కుక్కపై దయ చూపుచున్నాడేమో కాని, రేపు కఱవబడబోవు పసివానిపై దయ చూపుటలేదు. పంచాచారములలో గణాచారము కలదు. సమాజమునకు కీడు కలుగునప్పుడు భక్తుడు మౌనము వహింపరాదని అది బోధించును. భృత్యాచారమును కలదు. అందఱియెడలను సేవకునివలె వినయముతో మెలగుమని అది బోధించును. ఈ రెండింటిని కలిపి నడచువాడు అన్యాయమును చెప్పకమానడు. చెప్పునప్పుడు కఠినముగ చెప్పడు.

ఇక కుక్క యెందులకు క్రూరమగునో విచారింతము. దినమంతయు పొట్టిగొలుసుతో కట్టబడిన జంతువునకు నడక లేదు, ఆట లేదు, సాంగత్యము లేదు. దానికి వచ్చు ప్రతివాడును శత్రువుగ కనబడును. ఆకలిగొన్నదియు, దెబ్బతగిలి బాధపడుచున్నదియు, పిల్లలుగల తల్లికుక్కయు, పలుమాఱులు రాళ్లదెబ్బలు తిన్నదియు భయముచేతనే కఱచుచుండును. దాని కోఱలలో నున్నది చాలవఱకు మనుష్యుని అశ్రద్ధయే. కావున దానిని శిక్షించుటకు ముందు పెంచువాని నడవడిని సరిదిద్దవలయును.

కుక్కను పెంచువారికి ఒక మాట. జంతువును ఇంటికి తెచ్చుట ఒక వ్రతము పట్టుటవంటిది. వేళకు తిండి, నీరు, నీడ ఈయవలయును. దినమునకు రెండుమాఱులు త్రాటితో పట్టుకొని నడిపింపవలయును. గేటునకు తనంతట పడు గడియ పెట్టింపవలయును. కఱచు స్వభావము గలదానికి వీధిలోనికి తీసికొనిపోవునప్పుడు మూతికి చిక్కము కట్టవలయును. మూడవనెల నిండినతోడనే పిచ్చికుక్కవ్యాధి టీకా వేయించి, ఆపై పశువైద్యుడు చెప్పినట్లు ఏటేట వేయించుచు, ఆ చీటిని భద్రపఱచుకొనవలయును. కుక్కను విడువరానంత కాలము పొట్టిగొలుసుతో కట్టియుంచుటయు, ఎల్లప్పుడు కట్టియుంచిన కుక్కను నడిపింపకుండుటయు 1960 నాటి జంతుహింసా నివారణచట్టము 11వ సెక్షను ననుసరించి నేరములే. జంగముడు వాకిటికి రాజాలని యిల్లు ఎంత సంపన్నమైనను భక్తుని యిల్లనిపించుకొనదు. ఈ మాట వారు తలచిన చాలును.

బాధపడు పొరుగువారికి మఱియొక మాట. కఱచిన క్షణమున వాదులాటకు పోరాదు. ముందు గాయము చూడవలయును. కోపము చల్లాఱిన పిమ్మట, ఆ యింటివారు తీరికగ నున్నవేళ, ఒంటరిగ పోయి మాటాడవలయును. “అన్నా, మీ కుక్క మంచిదే కావచ్చును. కాని మా పిల్లవాడు వాకిలి దాటుటకు భయపడుచున్నాడు. ఉదయము గేటు మూసియుంచినచో మాకు చాలును” అని యొక్క పనిని మాత్రమే అడుగవలయును. కుక్కను తిట్టినచో పెంచువాడు తన బిడ్డను తిట్టినట్లు నొచ్చుకొనును. అడిగినది చిన్నదైనచో ఒప్పుకొనుట సులభము. తన పిల్లలు ఆ కుక్కపై రాళ్లు విసరకుండ చూచుకొందునని మాట యిచ్చుటయు మఱువరాదు.

పిల్లలకు మఱికొన్ని నేర్పవలయును. కుక్క మీదికి వచ్చునప్పుడు పరుగెత్తరాదు. పరుగెత్తుదానిని తఱుముట దాని సహజగుణము. కన్నులలోనికి తేఱిపాఱ చూడక, కదలక నిలిచి, మెల్లగ వెనుకకు జరుగవలయును. సంచియో గొడుగో ఉన్నచో నడుమ నడ్డముగ పట్టుకొనవలయును. తినుచున్న కుక్కను, పిల్లలకు పాలిచ్చుచున్న కుక్కను సమీపింపరాదు.

మొదటి మాట ఫలింపకున్నచో ఇరువురికిని మాన్యులైన పెద్దలను, లేదా మఠమునుండి అయ్యవారిని వెంటబెట్టుకొని పోవలయును. కుక్క యే దినమున ఎవ్వరిపై పడినదో కాగితముపై వ్రాసియుంచుకొనుట మంచిది. అప్పుడు మాట నిలుచును, అతిశయోక్తికి తావుండదు. అదియు ఫలింపకున్నచో పంచాయతీ లేదా పురపాలక కార్యాలయమునకు వ్రాతపూర్వకముగ విన్నవింపవలయును. పోలీసువారికి తెలుపుటయు తప్పుగాదు. తన జంతువువలన మనుష్యునకు ప్రాణాపాయముగాని తీవ్రగాయముగాని కలుగకుండ తగిన జాగ్రత్త తీసికొననివానికి, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను 6 నెలల వఱకు చెఱను, లేదా 5000 రూపాయల వఱకు జరిమానాను, లేదా రెండింటిని విధించుచున్నది. పూర్వము భారత శిక్షాస్మృతి 289వ సెక్షనున నిట్టి నియమమే యుండెడిది. అదే న్యాయసంహిత 325వ సెక్షను జంతువునకు విషము పెట్టి చంపినవానికి 5 ఏండ్ల వఱకు చెఱను విధింపవచ్చునని చెప్పుచున్నది. శరణులు చెప్పిన దయయు రాజ్యము వ్రాసిన శాసనమును ఇచట ఒక్కత్రోవనే చూపుచున్నవి.

కాటు పడినప్పుడు చేయవలసినది ప్రతి గృహిణియు ఎఱిగియుండవలయును. గాయమును వెంటనే సబ్బుతో, ధారగ పడు నీటిక్రింద, 15 నిమిషములు కడుగవలయును. పసుపు, కారము, సున్నము, ఆకుపసరు పెట్టరాదు. గట్టిగ కట్టు కట్టరాదు. ఆనాడే వైద్యశాలకు పోయి టీకా వేయించుకొనవలయును. చేతికండకు వేయు పద్ధతిలో మొదటి టీకా దినమును సున్నగ లెక్కించి 0, 3, 7, 14, 28 దినములందు ఐదు టీకాలు వేయుదురు; చర్మములో వేయు పద్ధతియు కలదు. వైద్యుడు చెప్పిన దినములలో నొక్కటియు తప్పరాదు. రక్తము వచ్చునట్లు కఱచినప్పుడు గాయముచుట్టును మఱియొక రక్షణౌషధమును వేయుదురు, దానిని వలదనరాదు. బొడ్డుచుట్టును పదునాలుగు సూదులన్నది గడచిన కాలపు మాట. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న కుక్కకాటు తిన్న తొమ్మిదేండ్ల బాలునకు తొలిటీకా వేయించి బ్రదికించిననాటినుండి ఈ విద్య యెంతయో పెరిగినది. కాని వ్యాధి లక్షణములు పైకి కనబడిన పిమ్మట మనుష్యుడు బ్రదుకుట అత్యంత దుర్లభము. మంత్రము వేయించి, తాయెత్తు కట్టించి దినములు గడపుట శివభక్తి కాదు. బిడ్డను మృత్యువునకు అప్పగించుటయే.

కఱచిన కుక్కను 10 దినములు కట్టియుంచి గమనింపవలయునని వైద్యులు చెప్పుదురు. అది ఆ గడువున ఆరోగ్యముగ నున్నచో, కఱచిననాడు దానియందు ఆ వ్యాధి లేదని వారు నిర్ణయింతురు. టీకా మాత్రము ఆ గడువుకొఱకు ఆపరాదు. కోపముతో దానిని చంపినవాడు తన బిడ్డకే ఉపకరించు సాక్ష్యమును నాశనము చేసినవాడగును.

ముద్దను కాలువలో పాఱవైచిన ఆ తండ్రి యేమి చేసెను? ఆ రాత్రియే బాలుని వైద్యశాలకు తీసికొనిపోయి మొదటి టీకా వేయించెను. మఱునాడు పొరుగింటికి పోయెను. పొరుగువాడు తలుపు తీయలేదు. మూడవనాడు ఊరి అయ్యవారితో కలిసి పోయెను. పొరుగింటి యిల్లాలే ముందుగ బయటికి వచ్చి, “పిల్లవానికి ఎట్లున్నది, తమ్ముడూ?” అని అడిగెను. ఆ ప్రశ్నతో సగము పగ తీఱెను. కుక్కను పదిదినములు లోపెరటిలో కట్టియుంచుటకు వారొప్పుకొనిరి; గేటునకు గడియ పెట్టించిరి; పొట్టిగొలుసు తీసి పొడుగుత్రాడు కట్టిరి. వైద్యపు ఖర్చు సగము తాము పెట్టుకొందుమనిరి. రెండిండ్లనడుమ స్నేహము మునుపటివలె కావుటకు కొన్ని నెలలు పట్టెను. జంగమయ్య మాత్రము మఱుసటి సోమవారమే ఆ వీధిలో శంఖమూదెను.

మఠములును ఈ కార్యమున పాల్గొనవలయును. వైశాఖ శుద్ధ తదియనాడు బసవజయంతి జరుపునప్పుడు, పశువైద్యులను పిలిపించి ఊరి కుక్కలకు టీకాలు వేయించుట గొప్ప దాసోహము. సెప్టెంబరు 28ని ప్రపంచ రేబిస్ దినముగ పాటించుచున్నారు. ఆ దినమున పలుచోట్ల ఉచితముగ టీకాలు వేయుదురు. ఊరేగింపునకు వెచ్చించు ధనములో కొంత యిట్లు వెచ్చించినచో ఒక పసిప్రాణమైనను నిలుచును.

శరణబంధువులారా! ఈ వారము మీ వీధిలో ఏ వాకిటివద్ద పిల్లలు నడకవేగము పెంచుచున్నారో చూడుడు. ఆ వాకిలి మీదైనచో గడియ వేయుడు. పొరుగువానిదైనచో చేతిలో కఱ్ఱయు, నోట తిట్టును లేకుండ పోయి ఒక్కమాట చెప్పుడు. కూడలసంగమదేవుడు మీకు భయములేని వాకిళ్లను, పగలేని పొరుగును ప్రసాదించుగాక!

ఓం నమశ్శివాయ.