తొలి బంతి

బోస్టన్ నగరమందలి ఫెన్‌వే పార్కున రెడ్ సాక్స్ బేస్‌బాల్ జట్టు ఆడు దినములలో ఒక్కొక్కప్పుడు, కాన్సరు చికిత్స పొందుచున్న పసివాడొకడు, జుట్టు రాలిన తలపై జట్టు టోపీ ధరించి, వేలమంది కరతాళధ్వనుల నడుమ తొలి బంతి విసరుట కలదు. ఇట్టి పిల్లల చికిత్సకై ఇచ్చు విరాళము గొప్పదే, కాని ఆ చేతికి బంతి నందించుట నాకు మరింత గొప్పగా తోచును.

1948లో పిల్లల కాన్సరు వైద్యుడగు డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వద్దనున్న రోగియగు బాలుని మంచము చెంతకు ఆ ఊరి మరొక బేస్‌బాల్ జట్టగు బోస్టన్ బ్రేవ్స్ ఆటగాండ్రు వచ్చి పలకరించిన వైనమును రేడియోలో విని, దేశమంతటి శ్రోతలు పంపిన ద్రవ్యముతో వేళ్లూనినది కాన్సరు పిల్లలకై వెలసిన జిమ్మీ ఫండ్ అను నిధి. బ్రేవ్స్ 1953లో ఊరు విడువగా, ఆ భారమును రెడ్ సాక్స్ తలకెత్తుకొనెను.

ఫార్బర్ చేతిలో రక్తకాన్సరు పిల్లలకు తాత్కాలికముగానైనను ఉపశమన మిచ్చిన అమినాప్టెరిన్, మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందు. ఫెన్‌వే ప్రేక్షకులలో ఈ సంగతి ఎందరెరుగుదురో గాని, తెలుగువారు తప్పక ఎరుగవలెను.