బిడ్డను మధ్యను నిలువబెట్టుడి
(ధ్యానభాగము: మత్తయి సువార్త 18వ అధ్యాయము)



బడిలోగాని హాస్టలులోగాని ఒక బిడ్డకు కీడు జరుగుచున్నదని వినబడినప్పుడు విశ్వాసి ఏమి చేయవలెను? క్షమించి ఊరకుండుట ప్రేమయా? బయటపెట్టుట ద్రోహమా?

"అది మన బడి, వారు మనవారే, సంగతి పోలీసులవరకు పోయినయెడల సంఘమునకు అవమానము" అని కొందరు పెద్దలు చెప్పుదురు. మత్తయి 18:15 చూపి, తప్పు చేసినవానిని ఒంటరిగా గద్దించి కలుపుకొనవలెనందురు. ఆ వచనము సత్యమే. గాని అధ్యాయమును మొదటినుండి చదువుడి. ప్రభువు ముందుగా ఒక చిన్నబిడ్డను పిలిచి శిష్యుల మధ్యను నిలువబెట్టెను. అట్టి బిడ్డను చెరుపువానికి సముద్రములో మునుగుటయే మేలని హెచ్చరించెను. అటుపిమ్మటనే సహోదరుల తగవును గూర్చి మాటలాడెను. పెద్దలిద్దరి తగవు తీర్చు మార్గమును నోరులేని బిడ్డమీద మోపరాదు. నాకు జరిగిన కీడును నేను క్షమింపవచ్చును. పరుల బిడ్డకు జరిగిన కీడును క్షమించితినని చెప్పుటకు నేనెవడను?

2 సమూయేలు 13లో దావీదు ఇంట తామారునకు ఘోరము జరిగెను. ఆమె అన్నయైన అబ్షాలోము ఊరకుండుమనెను. రాజు మిక్కిలి కోపపడెను గాని ఏమియు చేయలేదు. రెండేండ్లకు ఆ కుటుంబములో హత్య జరిగెను. మౌనము ఆ యింటి పరువును కాపాడలేదు, తామారును ఓదార్చనూ లేదు.

నా తప్పిదమును కూడ ఒప్పుకొందును. ఒక సంక్రాంతి సెలవులు ముగిసినప్పుడు ఒక పిల్లవాడు హాస్టలునకు పోనని తల్లి చెంగు విడువలేదు. మంచి బడి, తిండికి లోటు లేదు, పంపుమని తల్లికి నేనే బోధించి, ప్రార్థనచేసి బస్సెక్కించితిని. "ఏల పోనంటివి నాయనా?" అని అడుగలేదు. వాడు అక్కడ దెబ్బలు తినుచుండెనని తరువాత తెలిసినది. పాఠము నడుచుచుండగా నిద్రపోవుచు, ఎవరైన చేయెత్తిన ముడుచుకొనిపోవు ఆ బిడ్డను ఒక ఉపాధ్యాయురాలు గమనించెను. ప్రక్కకు పిలిచి మెల్లగా అడిగి, చెప్పినది నమ్మి, కాగితముమీద వ్రాసి పైవారికి తెలిపెను. నేను ప్రార్థించితిని గాని వినలేదు, ఆమె వినెను.

చట్టమును ఈ విషయమున స్పష్టముగానున్నది. 2009 విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెనని 2012 పోక్సో చట్టము చెప్పుచున్నది. తన క్రింది పనివాని అట్టి నేరమును తెలుపక దాచిన సంస్థాధికారికి ఏడాదివరకు చెరసాల కలదు. సద్భావముతో తెలిపినవానిమీద కేసు ఉండదు. 1098 నంబరునకు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును.

కాబట్టి బిడ్డ చెప్పునప్పుడు అడ్డురాక వినుడి. "ఎవరికిని చెప్పను" అని మాట ఇయ్యకుడి. నేరము మోపబడినవాని యెదుట బిడ్డను నిలిపి పంచాయితీ పెట్టకుడి. బిడ్డ పేరు ఊరిలో పొక్కనియ్యకుడి. తెలిసిన దినముననే తెలియజేయుడి. మన సంఘపు బడియైనను, నిందపడినవాడు కాపరియైనను ఇదే క్రమము. పాపి పశ్చాత్తాపపడినయెడల క్షమాపణ కలదు. అయినను పిల్లల గది తాళపుచెవి మరల వానిచేతికి ఇయ్యనక్కరలేదు.

ఆదికాండము 21లో, అరణ్యమున హాగరు ఎలుగెత్తి ఏడ్చెను. అయితే దేవుడు వినినది పొదక్రింద పడియున్న పిల్లవాని మొరను. ఆయన వినుచున్న స్వరమునకు మనము చెవులు మూసికొనకుందుము గాక. ఆమేన్.